బెంచి మీది ఏడడుగుల మనిషి

బాస్కెట్‌బాల్ మ్యాచ్ 48 నిమిషాలు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో మేటి సెంటర్ (రింగు దగ్గర ఆడే పొడగరి) అందులో 34, 35 నిమిషాలు ఆడతాడు. మిగిలేవి పదమూడో, పద్నాలుగో. ఆ కాస్త సమయం కోసం జట్లు ఇంకో పొడగరిని, వీలైతే మరొకరిని కూడా, ఏడాది పొడవునా జీతమిచ్చి అట్టే పెట్టుకుంటాయి. జట్టులో పూర్తిస్థాయి ఒప్పందాలు పదిహేనే. ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని పంపించేయాలి అన్నది ఏటా అక్టోబర్‌లో, సీజన్ మొదలయ్యే ముందు, క్లబ్బులు తేల్చుకోవాల్సిన లెక్క.

మిగతా స్థానాల్లో సర్దుబాటు తేలిక. ఒక గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) కూర్చుంటే ఇంకొకరు నెట్టుకొస్తారు. సెంటర్ పని వేరు. గురితప్పిన బంతిని గాల్లోనే అందుకోవాలి (రీబౌండ్). రింగు మీదికి దూసుకొచ్చేవాడిని ఆపాలి. సహచరుణ్ని వెంటాడే ప్రత్యర్థికి అడ్డుగోడలా నిలబడాలి (స్క్రీన్). ఇవన్నీ చేయగల ఏడడుగుల మనుషులు ఎక్కడైనా అరుదే. క్రికెట్ జట్టు విదేశీ పర్యటనకు రెండో వికెట్ కీపర్‌ను వెంట తీసుకెళ్లడం ఇలాంటిదే. అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడకపోవచ్చు. కానీ మొదటివాడి వేలు విరిగిన రోజున ఎవరో ఒకరు గ్లవ్స్ తొడుక్కుంటే సరిపోదు.

పైగా అంత బరువైన మనుషులు రోజూ ఎగిరి దూకుతుంటారు. పాదాలు, చీలమండలు, మోకాళ్లు ఊరికే ఉండవు. కాబట్టి ఆ పద్నాలుగు నిమిషాలన్నది సగటు లెక్క మాత్రమే. మొదటివాడికి గాయమైతే ఒక్క రాత్రిలో అది ముప్ఫై అవుతుంది. ప్రత్యామ్నాయ సెంటర్‌ను ఆ ముప్ఫై నిమిషాలను తలచుకునే ఎంచుకోవాలి.

ఈ లెక్క ఎలా నడుస్తుందో ఐజయా హార్టెన్‌స్టైన్ అనే సెంటర్ కెరీర్ చూస్తే అర్థమవుతుంది. 2017 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) హ్యూస్టన్ అతన్ని 43వ వాడిగా తీసుకుంది. అంటే పెద్ద ఆశలేమీ లేవన్నమాట. 2020–21లో డెన్వర్‌లో మొదటి సెంటర్ నికోలా యోకిచ్ వెనక కూర్చున్నాడు. డెన్వర్‌కు రింగు దగ్గర షాట్లు అడ్డుకునే అనుభవజ్ఞుడు కావాలనిపించింది. 2021 మార్చిలో జవేల్ మెక్‌గీని తెచ్చుకుని ఇతన్ని క్లీవ్‌లాండ్‌కు పంపేసింది. ఆ ఏడాదే లాస్ ఏంజెలిస్ క్లిప్పర్స్ శిక్షణ శిబిరానికి అతను వచ్చింది హామీ లేని ఒప్పందం మీద. అదే స్థానం కోసం హ్యారీ జైల్స్ కూడా పోటీపడ్డాడు. క్లబ్బు జైల్స్‌ను పంపించేసి హార్టెన్‌స్టైన్‌ను ఉంచుకుంది.

ఎంపిక బాగా కలిసొచ్చింది. రింగుకు కాస్త దూరం నుంచి మెత్తగా ఎగరేసే షాటు, పొడగరుల్లో అరుదుగా కనిపించే పాసింగ్, అన్నీ బయటపడ్డాయి. చిక్కు కూడా అక్కడే మొదలైంది.

ఎన్‌బీఏలో శాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలపై పరిమితి) ఉంది. 2024–25లో అది సుమారు 14 కోట్ల డాలర్లు. పరిమితి దాటిన జట్టుకు బయటివాళ్లను తీసుకునే దారులు తక్కువ. సొంత ఆటగాణ్ని నిలుపుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. ఒకనాటి బాస్టన్ దిగ్గజం లారీ బర్డ్ పేరు మీద దీన్ని ‘బర్డ్ హక్కులు’ అంటారు. ఆటగాడు వరుసగా మూడు సీజన్లు ఉంటే, క్లబ్బు పరిమితి దాటి అయినా గరిష్ఠ జీతం దాకా ఇవ్వొచ్చు. రెండే సీజన్లయితే పాత జీతానికి 175 శాతం, లేదా లీగ్ సగటు జీతానికి 105 శాతం, ఏది ఎక్కువైతే అది. ఒక్క సీజనే అయితే పాత జీతం మీద దాదాపు ఇరవై శాతం పెంపు, అంతే.

పేరు లేని ఆటగాడికి ఏ క్లబ్బయినా ఇచ్చేది తక్కువ కాలపు చిన్న ఒప్పందమే. ఆడకపోతే నష్టం తక్కువ. ఆడితే మాత్రం, ఆ ఒప్పందం చిన్నది కావడం వల్లే అతన్ని నిలుపుకునే హక్కు చేతిలో ఉండదు. క్లిప్పర్స్‌కు 2022లో జరిగింది ఇదే. ఏడాది ఒప్పందం ముగిసింది. పరిమితి దాటినా బయటివాళ్లకు ఇవ్వగల మరో చిన్న మినహాయింపు సొమ్మును వాళ్లు జాన్ వాల్ అనే గార్డు మీద ఖర్చుపెట్టారు. హార్టెన్‌స్టైన్ రెండేళ్లకు 1.6 కోట్ల డాలర్లకు న్యూయార్క్ నిక్స్‌కు వెళ్లిపోయాడు.

నిక్స్ అదే వేసవిలో మొదటి సెంటర్ మిచెల్ రాబిన్సన్‌కు నాలుగేళ్లకు 6 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఒకే స్థానానికి ఇద్దరు ఎందుకని అడగొచ్చు. జవాబు 2023 డిసెంబర్‌లో దొరికింది. రాబిన్సన్ చీలమండకు శస్త్రచికిత్స జరిగింది. హార్టెన్‌స్టైన్ ఆ సీజన్‌లో 49 మ్యాచ్‌లు మొదటి వరుసలో ఆడాడు, జట్టు 50 గెలిచింది. ఇద్దరి ఆటా ఒకటి కాదు. రాబిన్సన్ రీబౌండ్లలో ఘనుడు, కానీ అతని ఫ్రీ త్రోలు (ఫౌల్‌కు బదులు ఇచ్చే ఉచిత షాట్లు) దాదాపు సగమే లోపల పడతాయి. 2025 ప్లేఆఫ్స్‌లో ప్రత్యర్థులు కావాలనే అతని మీద ఫౌల్ చేసి ఆ గీత దగ్గరికి పంపారు. ఇలాంటి బలహీనత సాధారణ సీజన్‌లో దాగినా, ఒకే ప్రత్యర్థితో వరుసగా ఆడే ప్లేఆఫ్స్‌లో దాగదు. అందుకే తొలి సెంటర్‌కు నకలు లాంటివాడి కన్నా వేరే గుణం ఉన్నవాడే మేలని నా అభిప్రాయం. ఒకరిని కట్టడి చేసే ఎత్తుగడ రెండోవాడి మీద పనిచేయదు.

2024 వేసవిలో కథ మళ్లీ అక్కడికే వచ్చింది. నిక్స్‌లో హార్టెన్‌స్టైన్‌కు రెండు సీజన్లే నిండాయి. నిబంధనల ప్రకారం క్లబ్బు ఇవ్వగలిగింది నాలుగేళ్లకు సుమారు 7.25 కోట్ల డాలర్లు, ఏడాదికి 1.8 కోట్లు. పరిమితి కింద ఖాళీ ఉన్న ఓక్లహోమా సిటీ మూడేళ్లకు 8.7 కోట్లు ఇచ్చింది, ఏడాదికి 2.9 కోట్లు. నిక్స్‌కు అతను అక్కర్లేక కాదు, పోటీకి దిగే వీలే లేదు. రాబిన్సన్ ఇంకా కోలుకోలేదు. శిక్షణ శిబిరం ముంగిట జూలియస్ రాండిల్‌ను, డాంటె డివిన్‌సెంజోను వదులుకుని ఇంకో పొడగరి కార్ల్ ఆంథనీ టౌన్స్‌ను తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఓక్లహోమాకు అప్పటికే చెట్ హోమ్‌గ్రెన్ అనే మంచి పొడగరి ఉన్నాడు. 2024 నవంబర్‌లో అతని తుంటి ఎముక విరిగింది. హార్టెన్‌స్టైన్ కూడా చెయ్యి విరిగి బయట ఉండటంతో కొన్ని మ్యాచ్‌లు అసలు పొడగరే లేకుండా ఆడారు. ఆరున్నర అడుగుల లోపు జేలెన్ విలియమ్స్ సెంటర్‌గా దిగాడు. హార్టెన్‌స్టైన్ తిరిగొచ్చాక జట్టు కుదురుకుని ఆ సీజన్‌లో 68 మ్యాచ్‌లు గెలిచింది. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో ఓడించింది ఎవరినంటే, ఒకప్పుడు అతన్ని వద్దనుకున్న డెన్వర్‌నే, ఏడు మ్యాచ్‌ల్లో. ఇండియానాతో ఫైనల్స్‌లో తొలి మూడు మ్యాచ్‌లకు, వేగం కోసం, కోచ్ అతన్ని బెంచి మీద నుంచే దింపాడు. నాలుగో మ్యాచ్ నుంచి మళ్లీ మొదటి వరుసలోకి తెచ్చాడు. ఏడో మ్యాచ్‌లో కప్పు వచ్చింది.

ఆ 8.7 కోట్ల ఒప్పందంలో మూడో ఏడాది, అంటే 2026–27, క్లబ్బు ఇష్టానికి వదిలిన ఏడాది. ఉంచుకుంటే 2.85 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఆ సీజన్ కూడా అక్కడే పూర్తిచేస్తే, అతని మీద ఒక క్లబ్బుకు మొదటిసారిగా పూర్తి బర్డ్ హక్కులు దక్కుతాయి.