పైకి కనిపించని గాయము: వాడిన సైకిలులోని కర్బన తంతు భాగములు

సంతలో కుండను కొనువారు దానిని చేతికెత్తుకొని వేలి కణుపుతో కొట్టి చూతురు. ఖంగుమని మ్రోగినచో కుండ మంచిది. ధ్వని మొద్దుగా వచ్చినచో ఎక్కడనో బీట యున్నదన్నమాట. కంటికి దొరకని లోపమును చెవి పట్టుకొనును. కర్బన తంతువులతో చేసిన విమాన భాగములను పరీక్షించువారును ఇట్టి పద్ధతినే ఒక సాధనముగా వాడుచున్నారు. నేడు అదే పదార్థము సైకిళ్లలోనికి వచ్చినది. కొత్తవి ఖరీదైనవి గనుక చాలమంది వాడిన సైకిళ్లను కొనుచున్నారు. వారు మొదట అడుగు ప్రశ్న, "ఇది ఎన్నేళ్ల నాటిది?" అని. సరిగా అడుగవలసిన ప్రశ్న అదియేనా?

కార్బన్ ఫైబర్ అని వాడుకలోనున్న కర్బన తంతువు సుమారు 7 మైక్రోమీటర్ల మందము గలది. మన తల వెంట్రుక దానికంటె దాదాపు పది రెట్లు లావు. పాలీఎక్రిలోనైట్రైల్ అను కృత్రిమ దారమును మొదట గాలిలో 200 నుండి 300 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేసి, పిమ్మట ప్రాణవాయువు తగులనీయక 1000 డిగ్రీలకు మించి కాల్చినచో ఇతర మూలకములు చాలవరకు వెడలిపోయి కర్బనము మిగులును. 1960 తరువాతి సంవత్సరములలో జపానునందును, ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధనాలయమునందును ఈ పద్ధతి రూపొందినది. 1992లో బార్సిలోనా ఒలింపిక్ క్రీడలలో క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణ పతకము గెలిచిన సైకిలు ఈ పదార్థముతో చేసినదే.

తంతువు ఒక్కటే చాలదు. వెదురులో నారలను పట్టియుంచు పదార్థమున్నట్లు, ఇచట ఎపాక్సీ రెజిన్ అను గట్టిపడు జిగురు తంతువులను పొరలు పొరలుగా బంధించును. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు, అల్యూమినియము 2.7 గ్రాములు తూగగా, ఈ సమ్మేళనము సుమారు 1.6 గ్రాములే తూగును. అయితే దాని బలము తంతువులు సాగిన దిశలో మాత్రమే అధికము. అందుచే తయారుచేయువారు బరువు పడు దిక్కులను లెక్కించి పొరలను వేర్వేరు దిశలలో పరతురు. ఊహించని దిక్కునుండి వచ్చిన దెబ్బను అది అంత బాగుగా ఓర్వలేదు.

తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. ఒక ఇనుప తీగను, ఒక వెదురు బద్దను తీసికొని వంచుడు. తీగ వంగి వంగినట్లే నిలుచును. బద్ద వదలగానే తిన్నగా లేచును. హద్దు మీరినచో ఫెళ్లున విరుగును. ఉక్కు ఫ్రేము గట్టి దెబ్బ తిన్నప్పుడు సాధారణముగా సొట్టపడి తన గాయమును చూపును. కర్బన భాగము వెదురు బద్దవలె పూర్వరూపమునకు వచ్చును. కాని లోపల పొరల నడుమ జిగురు విడిపోయి యుండవచ్చును. పైన రంగు చెక్కుచెదరక, క్రింద పొరలు వేరైన భాగము కొంతకాలము మామూలుగనే పనిచేసి, ఒకనాడు గతుకులో హఠాత్తుగా విరుగవచ్చును.

ఇక ఆయుర్దాయము మాట. మాటిమాటికి బరువు పడి తొలగుటచే పదార్థము బలహీనమగుటను అలసట యందురు. అల్యూమినియముతో పోల్చిన, చక్కగా చేసిన కర్బన సమ్మేళనము అలసటను బాగుగా ఓర్చును. అంతర్జాతీయ ప్రమాణముల ప్రకారము ఫ్రేములకు తొక్కుడు బలమును లక్ష పర్యాయములు కలిగించి పరీక్షింతురు. కావున దెబ్బ తగులని భాగము కేవలము పాతబడినందున పాడగునని చెప్పరాదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు మాత్రము జిగురును క్రమముగా చెరచును. పైపూత చెదరిన చోట ఈ హాని హెచ్చు. తయారీదారు ఏదైన భాగమునకు గడువు చెప్పియున్నచో దానిని పాటింపవలెను.

ప్రమాదమొక్కటే గాయమునకు కారణము కాదు. పానా కూడ కారణమే. హ్యాండిలును, సీటు పైపును పట్టు బోల్టులకు తరచుగా 5 న్యూటన్ మీటర్ల బిగింపు చాలును. 10 సెంటీమీటర్ల పొడవుగల పానా కొనకు సుమారు 5 కిలోగ్రాముల బరువు వ్రేలాడదీసినంత మాత్రమే యిది. పానా 20 సెంటీమీటర్లదైనచో సగము బరువే చాలును. ఉక్కు సైకిళ్లకు అలవాటుపడిన చేయి ఇంతకు ఎన్నో రెట్లు బిగించి పైపును నలిపివేయగలదు. అందుచే బిగింపును కొలుచు టార్క్ పానాను వాడుట మంచిది.

వాడిన సైకిలును కొనుటకు ముందు ఫోర్కును, హ్యాండిలును, సీటు పైపును ఊడదీసి శుభ్రపరచి చూడవలెను. బిగింపు పట్టిన చోట్ల గీతలు, రంగులో సన్నని పగుళ్లు, బొటనవ్రేలితో నొక్కిన మెత్తగా తగులు తావులు గలవేమో పరిశీలింపవలెను. గుడ్డతో తుడుచునపుడు నూలు చిక్కుకొన్నచో అచట తంతువు తెగియుండవచ్చును. నాణెముతో మెల్లగా కొట్టుచు పోగా ఒకచోట ధ్వని మొద్దుబారినచో అనుమానింపవలెను. కాని గొట్టపు మందము మారు చోట్ల ధ్వనియు సహజముగా మారును గనుక, ధ్వని బాగున్నంత మాత్రమున భాగము బాగున్నదని నిశ్చయింపరాదు. సందేహమున్న ఫ్రేమును అతిధ్వని తరంగములతో పరీక్షించు నిపుణులకు చూపవలెను. ఫోర్కు, హ్యాండిలు విషయములో సందేహము కలిగినచో మార్చివేయుటయే మేలు. అవి విరిగినచో సవారి ముఖము నేలకు తగులునట్లు పడును.

లోహమైనంత మాత్రమున నిర్భయముగా నుండరాదు. 2006లో పారిస్-రూబే పందెమున జార్జ్ హింకపీ సైకిలులో విరిగి ఆయనను పడవేసినది ఫోర్కును హ్యాండిలుకు కలుపు అల్యూమినియము గొట్టమే. అదే పందెములో ఆయన అంతకు మున్ను ఒకసారి పడియుండెను.

కావున అమ్మువానిని "ఎన్నేళ్లది?" అని మాత్రమే అడిగి ఊరకుండరాదు. "ఎన్నడైన పడినదా? దేనికైన గుద్దుకొన్నదా? ఎవరు బిగించిరి?" అని అడుగవలెను. ఉక్కు తన కథను ఒంటిమీదనే చూపించును. కర్బనము కథను మనము అడిగి తెలిసికొనవలెను; సమాధానము దొరకనిచో, ధర ఎంత తక్కువైనను, ఆ ఫోర్కును నమ్మి వాలు బాటలో దిగరాదు.