చెట్టాపట్టాలేసుకుని మలక్కా చూసొద్దామా!

విదేశీ యాత్ర అనగానే మనకి సింగపూర్, బ్యాంకాక్ గుర్తొస్తాయి. అద్దాల మేడలు, పెద్ద పెద్ద షాపులు, నాలుగు రోజుల్లో ఆరు ఊళ్లు తిప్పే ప్యాకేజీ టూరు... తిరిగొచ్చాక ‘ఏం చూశారు?’ అని పక్కింటావిడ అడిగితే ‘అబ్బో, చాలా చూశాం’ అనడమే తప్ప ఫలానాది అని చెప్పలేం. బస్సు ఆగినచోట దిగడం, శ్రీవారు నిలబడమన్నచోట నిలబడి ఫొటో తీయించుకోవడం, మళ్లీ బస్సెక్కడం... అంతే కదా!

అలా కాకుండా ఆలూమగలిద్దరే తీరిగ్గా నడుస్తూ, కబుర్లాడుకుంటూ చూడదగ్గ ఊరొకటుంది. అదే మలేసియాలోని మలక్కా. మలక్కా జలసంధి పేరు చిన్నప్పుడు భూగోళం పాఠంలో చదువుకున్నదే. ఆ ఒడ్డునున్న ఊరే ఇది. దీన్ని ఇద్దరూ కలిసే చూడాలి. ఎందుకంటే ఈ ఊరి అసలు కథ రాజులది కాదు, సంసారాలది!

గాలి కోసం ఆగిన ఓడలు

సుమారు 1400 ప్రాంతంలో పరమేశ్వర అనే రాజకుమారుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడు. నైరుతి గాలులతో మన దేశపు ఓడలు, ఈశాన్య గాలులతో చైనా ఓడలు ఈ రేవుకి చేరేవి. తిరిగి వెళ్లాలంటే గాలి మళ్లేదాకా నెలల తరబడి ఆగాల్సిందే. ఇక్కడ 84 భాషలు వినిపించేవని 16వ శతాబ్దం మొదట్లో ఈ ఊళ్లో ఉన్న పోర్చుగీసు రచయిత తోమే పిరేష్ రాశాడు.

ఇంత సంపద ఉన్న ఊరిని ఎవరు వదులుతారు? 1511లో పోర్చుగీసువారు, 1641లో డచ్చివారు ఆక్రమించారు. 1824లో ఒప్పందం ప్రకారం బ్రిటిషువారి చేతికి వచ్చింది. పోర్చుగీసు కోటని 1807లో కూల్చేయగా ఒక్క ద్వారం మాత్రం మిగిలింది. వెనకున్న గుట్ట ఎక్కితే సెయింట్ పాల్ చర్చి శిథిలాలు కనిపిస్తాయి. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయాన్ని గోవాకి తరలించే ముందు 1553లో కొన్ని నెలలు ఉంచింది ఇక్కడే. గుట్ట దిగితే ఎర్రరంగు డచ్చి కూడలి, అందులో 1753 నాటి క్రైస్ట్ చర్చి. ఇవన్నీ ఒక్క పూటలో చూసేయొచ్చు. 2008లో జార్జ్‌టౌన్‌తో కలిపి ఈ ఊరిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కణ్ణించి చిన్న వంతెన దాటి నది అవతలికి వెళ్లండి. రెండో కథ మొదలవుతుంది.

నేలకి కన్నం... ఎందుకో తెలుసా?

గాలి కోసం ఆగిన వర్తకుల్లో చాలామంది ఇక్కడి అమ్మాయిల్నే పెళ్లాడి స్థిరపడిపోయారు. వాళ్ల పిల్లలే ‘పెరనకన్’లు. అంటే ఇక్కడే పుట్టినవాళ్లని అర్థం. చైనా సంతతి వారిలో మగవాళ్లని ‘బాబా’, ఆడవాళ్లని ‘న్యోన్యా’ అంటారు.

వీళ్ల ఇళ్లు బయటికి ఇరుకుగా, లోపలికి రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటాయి. మధ్యలో ఆకాశం కనిపించేలా చావడి. అచ్చం మన మండువా లోగిలే! బాబా న్యోన్యా హెరిటేజ్ మ్యూజియం అలాంటి ఇళ్లలోనే ఉంది. దాని పైఅంతస్తు నేలకి ఒక చిన్న కన్నం ఉంటుంది. కింద ఎవరొచ్చారో పైనుంచే చూసుకునేందుకు ఆ ఏర్పాటు. పెళ్లికాని ఆడపిల్లలు పరాయివాళ్ల కంట పడకూడదు మరి. చెక్కుడు తెరల చాటునుంచే వాళ్ల లోకమంతా.

ఆ పిల్లల పొద్దంతా కుట్టుపనిలోనే గడిచేది. పూసలతో కుట్టిన చెప్పులు, పూల పనితనం ఉన్న ‘కెబాయా’ రవికెలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. బొత్తాలకి బదులు ఒకదానికొకటి గొలుసుతో కలిపిన మూడు బ్రోచీలు పెట్టుకుంటారు. ఈ కెబాయాని 2024లో యునెస్కో గుర్తించింది. బయటి లోకం చూడనివ్వని పిల్లల చేతి పనికి ఇవాళ లోకమంతా చప్పట్లు కొడుతోంది!

రోటి చప్పుడే పెళ్లిచూపులు

న్యోన్యా వంట కూడా సంసారంలోంచి పుట్టిందే. చైనా పద్ధతి, మలయా మసాలా, కొబ్బరిపాలు కలిశాయి. రోట్లో కారం నూరే చప్పుడు విని అమ్మాయి పనితనాన్ని కాబోయే అత్తగారు తేల్చేసేదని చెప్పుకుంటారు. ‘బువా కెలువాక్’ అనే నల్లటి గింజ పచ్చిగా తింటే విషం. దాన్ని ఉడికించి, బూడిదలో, మట్టిలో రోజుల తరబడి పాతిపెట్టి, విషం విరిచి కూర వండుతారు. ఎంత ఓర్పు కావాలి!

శాకాహారులు ఒక్క మాట గుర్తుంచుకోండి. చాలా వంటల్లో ఎండురొయ్యల ముద్ద వేస్తారు, అడిగి మరీ తినండి. ‘చెండోల్’ మాత్రం తప్పకుండా రుచి చూడండి. ఆకుపచ్చటి సేమ్యాలాంటి పిండి తీగలు, కొబ్బరిపాలు, ఐసు, పైన గులా మలాకా. కొబ్బరిచెట్టు గీసిన నీరాతో కాచే బెల్లం అది. మన తాటిబెల్లం పాకానికి చెల్లెలనుకోండి.

భాష పోయినా భోగి పోలేదు

మన తీరపు జాడలూ ఇక్కడున్నాయి. మలేసియాలో మగవాళ్లు కట్టే గళ్ల లుంగీని ‘కాయిన్ పెలికాట్’ అంటారు. అది మన పులికాట్ పేరే! 1748 నాటి మసీదుకి ‘కంపుంగ్ క్లింగ్’ అని పేరు. క్లింగ్ అంటే భారతదేశం నుంచి వెళ్లినవాళ్లు. కళింగ నుంచే ఆ మాట పుట్టిందంటారు. ఇప్పుడలా పిలిస్తే చిన్నచూపుగా భావిస్తారు, మనం వాడకపోవడమే మంచిది. ఆ చుట్టుపక్కలే 1781 నాటి వినాయకుడి గుడి, 17వ శతాబ్దపు చైనా గుడి ఉన్నాయి. మూడు మతాల వాళ్లూ ఇరుగుపొరుగే.

కాస్త దూరంలో చిట్టీల పేట ఉంది. వీళ్లు మలక్కాలో స్థిరపడ్డ దక్షిణ భారత వర్తకుల సంతతి. ఇంట్లో మాట్లాడేది మలయ్. తమిళం ఎప్పుడో పోయింది. ఆడవాళ్లు కట్టేది కెబాయా. కానీ సంక్రాంతి ముందు రోజు, మన భోగినాడే, పెద్దల పేరిట అరటాకుల్లో వంటకాలు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. వందల ఏళ్లు గడిచినా, మాట మారినా, కట్టు మారినా ఆ ఆకు వేయడం మానలేదు. తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి వచ్చింది కాబట్టే నిలిచింది. కోటలో ఒక్క ద్వారం మిగిలింది. వంటింట్లోంచి వచ్చింది మాత్రం చెక్కుచెదరలేదు!

బయల్దేరే ముందు...

* కౌలాలంపూర్ నుంచి మలక్కా సుమారు 145 కిలోమీటర్లు. బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కనీసం ఒక రాత్రైనా ఉండేలా చూసుకోండి.

* 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేని వెసులుబాటు మొదలైంది. అది అమల్లో ఉందో లేదో టికెట్టు కొనేముందే కనుక్కోండి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఇంటర్నెట్‌లో ప్రవేశపత్రం నింపాలి.

* జాంకర్ వీధి రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లో ఉంటుంది. రద్దీ వద్దనుకుంటే మిగతా రోజులు మేలు.

* ఎండ మండిపోతుంది. పొద్దున, సాయంత్రం నడవండి. మధ్యాహ్నం మ్యూజియంలో గడపండి.

* ఒక పూట ఆయన చెప్పినచోటికి, ఒక పూట మీరు చెప్పినచోటికి వెళ్లండి. ఖర్చులకి డబ్బు కూడా ఇద్దరి దగ్గరా ఉండాలి. పూసల చెప్పులు బేరమాడాలంటే ‘ఏమండీ, ఓ యాభై ఇవ్వండి’ అని అడగాల్సిన పనేముంది?

కన్నంలోంచి వీధిని చూసిన న్యోన్యాలకి ఆ వీధిలో నడిచే వీలు లేకపోయింది. మనకుంది. అలాంటప్పుడు వెనకాల కాకుండా, పక్కపక్కనే నడుద్దాం!