సోలార్ ప్లేటు మీద సుంకం: రేవులో తగువు, రైతుకు బరువు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో మెట్ట రైతుకు దిక్కు బోరుబావే. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేశారు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశామన్నారు. అప్పటికీ పొలానికి నీరు రాలేదు. బోరులో నీరుంటేనే కలుపుకీ కోతకీ కూలి దొరికేది. లేకుంటే వలసే. కాబట్టి మోటారుకు కరెంటు ఎంతకు వస్తుందన్నది రైతుకే కాదు, కూలికీ కావలసిన మాటే.

ఎండతో మోటారు తిప్పుకోండని పాలకులు చెబుతున్నారు. ఎండకేం, మన దగ్గర కొదవలేదు. మరి ఆ ఎండను కరెంటుగా మార్చే ప్లేటు మీద పన్ను సంగతేమిటి?

కస్టమ్స్ వారి పట్టికలో ప్రతి సరుకుకూ ఒక నంబరుంటుంది. నంబరును బట్టే సుంకం. సోలార్ ప్లేట్లను ఏళ్ల తరబడి 8541 కింద, అంటే డయోడ్లు, ట్రాన్సిస్టర్ల వరుసలో దించుకున్నారు. సుంకం సున్నా. 2017 చివరలో చెన్నై రేవు అధికారులు అడ్డం తిరిగారు. ఇది 8501, మోటార్లు, జనరేటర్ల వరుస, నూటికి ఏడున్నర కట్టమన్నారు. కంటెయినర్లు రేవులోనే నిలిచిపోయాయి.

తగువు ఎక్కడొచ్చింది? డయోడులాంటి చిన్న సాధనం అమర్చి, నేరుగా మోటారు వంటివాటికి కరెంటు అందించే ప్లేటు జనరేటరు కిందికి వస్తుందని ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణలో ఉంది. ప్లేటు వెనక డయోడు ఉండనే ఉంటుంది. నీడ పడిన గడిని తప్పించి కరెంటును పక్కదారిన పంపడమే దాని పని అన్నారు వ్యాపారులు. ఏదైనా డయోడు డయోడే అన్నారు అధికారులు. చివరకు 2018లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు కల్పించుకుని, ఆపాటి డయోడున్న ప్లేటు 8541 కిందికే వస్తుందని తేల్చింది.

బరువు దిగిందా? లేదు. అదే ఏడాది జూలై 30 నుంచి ముఖ్యంగా చైనా, మలేషియా సరుకు మీద నూటికి 25 రక్షణ సుంకం వేశారు. 2022 ఏప్రిల్ 1 నుంచి నూటికి 40 కస్టమ్స్ సుంకం వచ్చింది. నంబరు ఏదైతేనేం, దెబ్బ తప్పలేదు!

దేశంలో ఫ్యాక్టరీలు పెరగాలంటే సుంకం ఉండాలంటారు. ఫ్యాక్టరీలు రావలసిందే, పనులు దొరకవలసిందే. కాని ఆ ఖర్చు ఎవరి నెత్తిన? 2019 నాటి కుసుం పథకం పంపుకు స్వదేశీ ప్లేట్లే వాడాలి గనక సుంకం రైతుకు తగలదనవచ్చు. బయటి సరుకు ధర పెరిగాక లోపలివాడు చౌకగా అమ్ముతాడా? కేంద్రం 30, రాష్ట్రం 30 వంతులు ఇచ్చినా, మిగతా 40 వంతులు రైతే తేవాలి.

పెద్ద కంపెనీల దారి వేరు. సుంకం పెరిగితే 'చట్టం మారింది' అంటూ అర్జీ పెట్టుకున్నాయి. 2018 సుంకం విషయంలో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆ వాదన ఒప్పుకుంది. ఆ సొమ్ము డిస్కంల మీద, అక్కడినుంచి బిల్లు కట్టే జనం మీద పడుతుంది. రైతు అర్జీ పెట్టుకోవడానికి కమిషన్ ఏది?

2025 బడ్జెట్‌లో ఇంకో కిటుకు చేశారు. 40లో 20 మాత్రమే సుంకంగా ఉంచి, మిగతా 20కి 'వ్యవసాయ మౌలిక వసతుల, అభివృద్ధి సెస్సు' అని పేరు పెట్టారు. సుంకమైతే రాష్ట్రాలకు పంచే నిధిలో చేరాలి. సెస్సు చేరనక్కర్లేదు. రాజ్యాంగం 270వ అధికరణం ఇచ్చిన వెసులుబాటు అది. పేరు సేద్యానిది, పెత్తనం ఢిల్లీది!

అందుకే అడగవలసినవి మూడు. బోరు మోటారుకు వాడే ప్లేట్ల మీద పడే భారం ప్రభుత్వమే మోయాలి. కుసుంలో సన్న, చిన్నకారు రైతు వాటా తగ్గించాలి. సేద్యం పేరున వసూలైన సెస్సులో మెట్ట ప్రాంతాలకు ఎంత ఖర్చుపెట్టారో లెక్క చెప్పాలి. రైతులూ కూలీలూ కలిసి ఈ మాట గ్రామసభల్లో, మండలాఫీసుల ముందు గట్టిగా అడగాలి.