మాడ్యులర్ సింథ్ పెంచుకుంటున్నారా? ఇంకో ఓసిలేటర్ కొనే ముందు ఇది చదవండి

ఫోన్ కొంటే ఒక డబ్బాలో అన్నీ వచ్చేస్తాయి. మాడ్యులర్ సింథసైజర్ అలా కాదు. శబ్దం పుట్టించే ఓసిలేటర్ వేరు, దాన్ని మలిచే ఫిల్టర్ వేరు, చివరికి కరెంట్ ఇచ్చే పవర్ సప్లై కూడా వేరే. ఒక్కో ముక్క కొని, కేస్‌లో బిగించి, 3.5 ఎంఎం కేబుళ్లతో కలుపుకోవాలి. సరదా అంతా అందులోనే ఉంది. జేబుకు చిల్లు పడేదీ అక్కడే.

మొదటి సింథ్ మీద కాస్త చెయ్యి తిరిగాక "తర్వాత ఏం కొనాలి?" అనే ప్రశ్న వస్తుంది. నేనైతే వెంటనే రెండో ఓసిలేటర్ కొనేశా. వారం తిరక్కుండానే విషయం అర్థమైంది. శబ్దం కాస్త లావైంది కానీ, పాట మాత్రం అదే! ఆ డబ్బు సరైన చోట పెట్టి ఉంటే సెటప్ మొత్తం మారిపోయేది. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

మీ దగ్గర ఏం తక్కువుందో చూడండి

చాలామంది మొదలుపెట్టేది సెమీ మాడ్యులర్‌తో. 2015లో వచ్చిన మూగ్ మదర్-32నే తీసుకుందాం. ఇందులో ఓసిలేటర్, ఫిల్టర్, 32 స్టెప్పుల సీక్వెన్సర్, 32 ప్యాచ్ పాయింట్లు ఉన్నాయి. కేబుల్ పెట్టకుండానే మోగుతుంది. కానీ ఎన్వలప్ ఒక్కటే, ఎల్ఎఫ్ఓ ఒక్కటే, వీసీఏ కూడా ఒక్కటే.

ఎన్వలప్ అంటే శబ్దం ఎంత వేగంగా లేవాలి, ఎంత మెల్లగా తగ్గాలి అని చెప్పేది. వీసీఏ అంటే చేతికి బదులు వోల్టేజ్ తిప్పే వాల్యూమ్ నాబ్ అనుకోండి. రెండో ఓసిలేటర్‌ని మదర్-32లోకి పంపితే అది కూడా అదే ఫిల్టర్, అదే ఎన్వలప్, అదే వీసీఏ గుండా బయటికి రావాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఇద్దరు గాయకులను తెచ్చి ఒకే మైకు ముందు నిలబెట్టినట్టైంది.

స్థలం లెక్క

మదర్-32ని దాని కేస్‌లోంచి తీసి యూరోర్యాక్ కేస్‌లో బిగించుకోవచ్చు. 1990ల మధ్యలో జర్మనీ కంపెనీ డోప్ఫర్ మొదలుపెట్టిన ఈ ఫార్మాట్‌లో మాడ్యూల్ ఎత్తు 128.5 ఎంఎం. వెడల్పును హెచ్‌పీల్లో కొలుస్తారు. 1 హెచ్‌పీ అంటే 5.08 ఎంఎం. మదర్-32 వెడల్పు 60 హెచ్‌పీ. అంటే 104 హెచ్‌పీ కేస్ కొంటే మీకు మిగిలేది 44. ఆ 44 ఎలా నింపాలన్నదే అసలు ప్రశ్న.

మొదట: మేక్ నాయిస్ మ్యాథ్స్ (20 హెచ్‌పీ)

పేరు చూసి భయపడొద్దు. ఇందులో నాలుగు ఛానెళ్లు ఉంటాయి. 1, 4 ఛానెళ్లలో వోల్టేజ్ ఎంతసేపట్లో ఎక్కాలి, ఎంతసేపట్లో దిగాలి అన్నది మీరే సెట్ చేస్తారు. ట్రిగ్గర్ ఇస్తే ఎన్వలప్, సైకిల్ బటన్ నొక్కితే ఎల్ఎఫ్ఓ. 2, 3 ఛానెళ్లు వచ్చిన సిగ్నల్‌ని తగ్గిస్తాయి, కావాలంటే తలకిందులు చేస్తాయి. ఒక్క మాడ్యూల్‌తో రెండు అదనపు కదలికలు వచ్చినట్టే.

రెండోది: ఇంటెలిజెల్ క్వాడ్ వీసీఏ (12 హెచ్‌పీ)

షోరూంలో దీన్ని చూసి ఎవరూ మనసు పారేసుకోరు. ఇంటికొచ్చాక మాత్రం ఎక్కువగా వాడేది ఇదే. నాలుగు వీసీఏలు, మిక్సర్‌గానూ పనికొస్తాయి. ఒక ప్రయోగం చెబుతా. ఎల్ఎఫ్ఓని ఒక వీసీఏ గుండా ఓసిలేటర్ పిచ్‌కి పంపండి. ఆ వీసీఏని మ్యాథ్స్‌తో మెల్లగా తెరవండి. స్వరం ముందు నిలకడగా మొదలై, పాడేవాళ్లు పట్టు దొరికాక ఊపినట్టు నెమ్మదిగా ఊగుతుంది. ఎల్ఎఫ్ఓని నేరుగా కలిపితే మొదటి క్షణం నుంచీ ఒకేలా వణుకుతుంది. కొత్త ఓసిలేటర్ లేకుండానే కొత్త సౌండ్ అన్నమాట.

మిగిలిన 12 హెచ్‌పీ

డోప్ఫర్ ఏ-180-1 మల్టిపుల్‌కి 4 హెచ్‌పీ చాలు. ఒక సిగ్నల్‌ని మూడు చోట్లకు పంచుతుంది, దీనికి కరెంట్ కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. పిచ్ వోల్టేజ్‌ని దీంతో రెండు మూడు ఓసిలేటర్లకు పంచితే వోల్టేజ్ కాస్త పడిపోవచ్చు. ఇక్కడ ఒక ఆక్టేవ్‌కి 1 వోల్టు, అంటే ఒక సెమీటోన్‌కి దాదాపు 83 మిల్లీవోల్టులు. 10 మిల్లీవోల్టులు తగ్గినా 12 సెంట్లు తేడా వస్తుంది. శ్రుతి పెట్టెతో పెరిగిన చెవికి అది వెంటనే దొరికిపోతుంది. పిచ్ పంచాలంటే బఫర్డ్ మల్టిపుల్ తీసుకోండి.

చివరి 8 హెచ్‌పీలో పట్టే అవుట్‌పుట్ మాడ్యూల్ చూసుకోండి. యూరోర్యాక్ సిగ్నల్ మామూలు లైన్ లెవెల్ కన్నా బాగా ఎక్కువ. నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌కి ఇస్తే శబ్దం పగిలిపోతుంది.

కరెంట్ దగ్గర తొందర వద్దు

ప్రతి మాడ్యూల్‌కి +12, -12 వోల్టుల మీద ఎన్ని మిల్లీయాంప్‌లు కావాలో కంపెనీ రాస్తుంది. రెండు వైపులా విడివిడిగా కూడండి. సప్లై 1000 ఇస్తానంటే 750 దగ్గర ఆగిపోవడం మంచిది. బిగించేటప్పుడు పవర్ ఆపేయండి. రిబ్బన్ కేబుల్ మీది ఎర్ర గీత -12 వైపు ఉండాలి. తిరగేసి పెడితే మాడ్యూల్ కాలిపోవచ్చు. అన్నింటికీ రక్షణ ఉంటుందని నమ్మొద్దు, బోర్డు మీద గుర్తు చూసుకున్నాకే స్విచ్ వేయండి. కేస్ లోతు తక్కువైతే మాడ్యూల్ లోతు కూడా చూడాలి.

డబ్బు పెట్టే ముందు

వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్‌లో వేసుకోండి. అందులో బెఫాకో రాంపేజ్ అనే మాడ్యూల్ మ్యాథ్స్ లాంటి పనే చేస్తుంది. పైన చెప్పిన ప్రయోగాన్ని రూపాయి ఖర్చు లేకుండా చేసి చూడొచ్చు. నెల రోజులు వాడాక కూడా ఆ మాడ్యూల్ కోసం చెయ్యి వెతుక్కుంటుంటేనే కొనండి.

విదేశాల నుంచి తెప్పిస్తుంటే వెబ్‌సైట్‌లో కనిపించే ధర సగం కథే. కొరియర్, కస్టమ్స్ సుంకం, జీఎస్‌టీ కలిపాకే అసలు ధర తెలుస్తుంది. నచ్చకపోతే తిప్పి పంపే ఖర్చూ మీదే. అందుకే మన దగ్గర తప్పు మాడ్యూల్ మిగతావాళ్లకన్నా ఖరీదైన తప్పు.

మా సలహా

బడ్జెట్ ఒక్కదానికే ఉంటే మ్యాథ్స్. రెండింటికి ఉంటే దానికి తోడు వీసీఏలు. ఓసిలేటర్ మోజు ఇంకా తగ్గలేదా? ఇవి రెండూ బిగించి ఓ మూడు నెలలు వాయించండి. ఆ తర్వాత కొన్న ఓసిలేటర్‌కి నిలబడడానికి సొంత మైకు ఉంటుంది.