పుష్ బ్యాక్ అంటే వాయిదానా.. వద్దనడమా?

ఆర్టీసీ బస్సులో వెనక్కి వాలే సీటుని పుష్ బ్యాక్ సీటు అంటాం. ఎయిర్‌పోర్టులో గేటు దగ్గరున్న విమానాన్ని ఓ చిన్న బండి వెనక్కి నెడుతుంది కదా.. అదీ పుష్ బ్యాకే. ఇంతవరకూ చిక్కు లేదు. అదే మాట ఆఫీసు మెయిల్లోకి వస్తేనే తికమక. ఆరేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రోజూ వింటున్నా కాబట్టి, కొత్తగా చేరేవాళ్లకి పనికొస్తుందని చెబుతున్నా.

వాయిదా వేస్తే..

'లెట్స్ పుష్ ద రిలీజ్ బ్యాక్ టు ఫ్రైడే' అంటే రిలీజ్‌ని శుక్రవారానికి వాయిదా వేద్దామని. 'టు' తర్వాత వచ్చేది కొత్త తేదీ. 'బై టూ డేస్' అంటే రెండు రోజులు ఆలస్యమని. రిలీజ్ బదులు 'ఇట్' వాడితే అది మధ్యలోనే ఉండాలి. 'పుష్ ఇట్ బ్యాక్' సరైంది, 'పుష్ బ్యాక్ ఇట్' తప్పు.

మరి తేదీ ముందుకు తేవాలంటే? 'బ్రింగ్ ఫార్వర్డ్' అనొచ్చు. మన 'ప్రీపోన్' ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోనూ ఉంది కానీ, అమెరికా క్లయింట్‌కి కొత్తగా అనిపించొచ్చు. 'మూవ్ ఫార్వర్డ్'తో మాత్రం జాగ్రత్త. బుధవారం మీటింగ్‌ని రెండు రోజులు 'మూవ్ ఫార్వర్డ్' చేశామంటే ఇంగ్లిష్ సొంత భాష అయినవాళ్లలోనే కొందరు సోమవారం అనుకుంటారు, కొందరు శుక్రవారం అనుకుంటారు. తేదీ రాసేస్తే గొడవే ఉండదు.

'ఆన్' చేరితే..

'షీ పుష్డ్ బ్యాక్ ద డెడ్‌లైన్' అంటే గడువు పొడిగించింది. 'షీ పుష్డ్ బ్యాక్ ఆన్ ద డెడ్‌లైన్' అంటే ఆ గడువుకి కుదరదని అభ్యంతరం చెప్పింది. గడువు మారిందో లేదో ఆ వాక్యం చెప్పదు. చిన్న 'ఆన్' ఎంత పని చేసిందో చూడండి!

మా టీమ్‌లో కొత్తగా చేరిన ఓ అమ్మాయికి పది రోజుల పని ఐదు రోజుల్లో కావాలని క్లయింట్ మెయిల్ పెట్టాడు. చివర్లో 'ఫీల్ ఫ్రీ టు పుష్ బ్యాక్' అని ఉంది. తను అది మర్యాదకి రాసిన మాటనుకుని 'ష్యూర్' అనేసింది. శని, ఆదివారాలు ల్యాప్‌టాప్ ముందే గడిచిపోయాయి. నిజానికి ఆ మాటకి అర్థం, 'కుదరకపోతే ఇప్పుడే చెప్పు' అని.

చిన్నప్పట్నుంచీ 'పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు' అని విని పెరిగాం. అందుకే కాదనడమంటే మనకి బెరుకు. కానీ కారణం చూపించి కాదనడం పనిలో భాగమే. మెత్తగా మొదలుపెట్టాలంటే 'ఐ వుడ్ లైక్ టు పుష్ బ్యాక్ ఎ లిటిల్ ఆన్ దిస్' అనండి. వెంటనే కారణం, ఆ తర్వాత మరో దారి చెప్పండి. 'టెస్టింగ్‌కే మూడు రోజులు కావాలి. ఐదో రోజుకి లాగిన్ ఇస్తాం, పేమెంట్స్ వచ్చే వారం ఇస్తాం' అన్నారనుకోండి. అవతలివాళ్లకి ప్లాన్ చేసుకోడానికి వీలుంటుంది, మీకు వీకెండూ మిగులుతుంది.