పక్షి తలెత్తి చూసిందా? అక్కడే ఆగండి.. పక్షుల కేంద్రాల్లో ఫొటోలకు రూల్స్ ఇవీ

చలికాలం వచ్చిందంటే వాట్సాప్ స్టేటస్‌ల నిండా గూడబాతులు, ఫ్లెమింగోలే. మీరూ ఈ వారాంతం పిల్లల్ని తీసుకుని నేలపట్టుకో, ఆటపాకకో వెళ్లారనుకోండి. వాచ్ టవర్ ఎక్కి ఫోన్ తీశారు. పక్షి స్క్రీన్ మీద తెల్లటి చుక్కలా ఉంది. జూమ్ చేస్తే బొమ్మ అలుక్కుపోతోంది. అప్పుడు ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే: ‘ఇంకో ఇరవై అడుగులు ముందుకెళ్తే బాగా వస్తుంది కదా!’

అసలు సమస్య ఆ ఇరవై అడుగుల దగ్గరే మొదలవుతుంది. అవి పక్షికి ప్రాణం మీదకు తేవచ్చు, మీ మీద కేసూ తేవచ్చు. ఎందుకో చూద్దాం.

దగ్గరకెళ్తే ఏమవుతుంది?

సూళ్లూరుపేట దగ్గరున్న నేలపట్టు చెరువులో నీళ్ల మధ్య నిలబడి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. కొల్లేటిలో భాగమైన ఆటపాకలో చెట్లు తక్కువ కావడంతో అటవీ శాఖ ఇనుప స్టాండ్లు ఏర్పాటు చేసింది. గూడబాతులు వాటి మీదే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచుతాయి. అలాంటి చోట ఎండ నుంచి గుడ్లకు, అప్పుడే పుట్టిన పిల్లలకు నీడ అంటే తల్లిదండ్రుల ఒళ్లే.

మనిషి మరీ దగ్గరకొస్తే పెద్ద పక్షి లేచిపోతుంది. గూడు ఖాళీ అవుతుంది. కాకులు, గద్దలు కాచుకుని ఉండేది ఆ నిమిషం కోసమే. గుడ్డు పోవడానికి అంతకన్నా ఎక్కువ సమయం అక్కర్లేదు. రెక్కలు రాని పిల్లలు బెదిరి గూట్లోంచి కింద పడిపోయే ప్రమాదమూ ఉంది.

గూళ్లు లేని చోటా నష్టమే. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు గూళ్లు కట్టవు, మేత కోసమే వస్తాయి. తల కిందికి వంచి, ముక్కుతో లోతు తక్కువ నీటిని వడపోసుకుని తింటాయి. ఇవి ఉన్నచోటు నుంచి ఒక్కసారిగా లేవలేవు, నీటి మీద కొంతదూరం పరుగెత్తి ఎగరాలి. ‘గుంపంతా ఎగిరితే రీల్ అదిరిపోతుంది’ అని చప్పట్లు కొట్టినా, రాయి విసిరినా వాటి మేత ఆగిపోతుంది, ఒంట్లో శక్తీ ఖర్చవుతుంది. రోజుకు పదిమంది ఇలా చేస్తే అవి తినేదెప్పుడు?

చట్టం ఏమంటోంది?

‘వేట’ అంటే తుపాకీ, వల అనే మనం అనుకుంటాం. వన్యప్రాణుల సంరక్షణ చట్టం, 1972 అలా అనుకోవడం లేదు. సెక్షన్ 2(16)లో వేటకిచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను పాడుచేయడమే కాదు, గుడ్లను, గూళ్లను కదిలించడం, వాటికి అంతరాయం కలిగించడం కూడా ఉంది. ఫొటోకు అడ్డొస్తోందని గూటి ముందున్న కొమ్మ విరిచి గూటిని కదిపితే మీరు ‘ఫొటో తీసిన’ ఖాతాలో ఉండకపోవచ్చు.

అభయారణ్యంలో వేట నేరం రుజువైతే సెక్షన్ 51 ప్రకారం 3 నుంచి 7 ఏళ్ల వరకు జైలు, కనీసం రూ.25 వేల జరిమానా. జరిమానా మొత్తాన్ని 2022 సవరణలో పెంచారు. దీనికితోడు అభయారణ్యంలో జంతువుల్ని, పక్షుల్ని ఆటపట్టించడం, చెత్త వేయడం కూడా సెక్షన్ 27 కింద నిషిద్ధం.

ఫొటోలకు అనుమతి కావాలా?

అభయారణ్యంలోకి వెళ్లేందుకు అనుమతి ఇచ్చే కారణాల్లో ఫొటోగ్రఫీ కూడా ఒకటని సెక్షన్ 28 చెబుతోంది. అయితే 2022 సవరణ ఒక షరతు చేర్చింది. పక్షుల ఆవాసాన్ని మార్చకూడదు, ఆవాసానికి గానీ వన్యప్రాణులకు గానీ హాని జరగకూడదు. మామూలు సందర్శకులకు గేటు దగ్గర తీసుకునే టికెట్టే అనుమతి. పెద్ద కెమెరాలకు విడిగా రుసుం ఉండొచ్చు. రేట్లు మారుతుంటాయి కాబట్టి కౌంటర్‌లో అడిగి రసీదు తీసుకోండి. సినిమా, ప్రకటనల షూటింగ్‌లకు, డ్రోన్‌కు ఈ టికెట్ సరిపోదు. అటవీ శాఖ నుంచి ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. పైన గిరగిరా తిరిగే డ్రోన్ పక్షి కంటికి గద్దలాంటిదే.

ఊరి చెట్ల మీదుంటే?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో పక్షులు ఊళ్ల మధ్యే ఉంటాయి. ఇళ్ల పక్కన చెట్ల మీద, ఊరి చెరువులో గూళ్లు కడతాయి. గేటు లేకపోయినా గూళ్లకు చట్టం ఇచ్చే రక్షణ అక్కడా ఉంటుంది. పైగా ఏటా వచ్చే ఆ పక్షుల్ని ఊరివాళ్లు తమ అతిథుల్లా చూసుకుంటారు. ఎవరి పెరట్లోకో, డాబా మీదికో వెళ్లాలంటే ఇంటివాళ్లను అడిగి వెళ్లండి. ఏ చెట్టు మీద పిల్లలున్నాయో, ఎటునుంచి చూస్తే బెదరవో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మరి ఎంత దూరంలో ఉండాలి?

ఇన్ని మీటర్లని అన్ని పక్షులకూ ఒకే లెక్క కుదరదు. పక్షే చెబుతుంది. మేత ఆపి తలెత్తి మీవైపే చూస్తోందా? మెడ సాచి అటూ ఇటూ కదులుతోందా? పదే పదే అరుస్తోందా? మీరు దగ్గరకొచ్చేశారని అర్థం. మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేయండి. మళ్లీ మేతలో పడితే ఆ దూరం సరైనది. గూటి మీద పక్షి ఉంటే మాత్రం వాచ్ టవర్, కట్ట, నడకదారి దాటి ముందుకు కదలొద్దు. మంజీర లాంటి చోట్ల నీటి అంచుకు వెళ్లకపోవడం మీకూ మంచిదే. అక్కడ మొసళ్లున్నాయి.

ఫోన్‌తోనే మంచి ఫొటో ఎలా?

* తెల్లవారగానే వెళ్లండి. వెలుగు మెత్తగా ఉంటుంది, పక్షులు చురుగ్గా ఉంటాయి. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి.
* ఫ్లాష్, షట్టర్ శబ్దం, రింగ్‌టోన్ ఆపేయండి.
* మీ ఫోన్‌కు టెలిఫొటో లెన్స్ ఉంటే అది ఇచ్చే జూమ్ దగ్గరే ఆగండి. అంతకు మించితే ఫోన్ బొమ్మను సాగదీస్తుందంతే. తర్వాత క్రాప్ చేసుకోవచ్చు.
* బైనాక్యులర్స్ ఉంటే ఒక కంటి గాజుకు ఫోన్ లెన్స్‌ను ఆనించి తీసి చూడండి. రెండు మూడు ప్రయత్నాల్లో అలవాటవుతుంది, తేడా మీకే తెలుస్తుంది.
* ఎగిరే పక్షికి బర్స్ట్ మోడ్ వాడండి. ఎగిరేదాకా ఓపిక పట్టాలి తప్ప ఎగరగొట్టకూడదు.
* పక్షి ఒక్కటే నిండుగా రావాలనుకోకండి. నీళ్లు, తుంగ, కడప చెట్లతో కలిపి తీస్తే అది ఎక్కడిదో కూడా తెలుస్తుంది.
* ఆకుపచ్చ, గోధుమ రంగు బట్టలు మేలు. పక్షి కూతల రికార్డింగ్ వినిపించి పిలవొద్దు, గింజలు, బిస్కెట్లు వేయొద్దు.

పోస్ట్ చేసే ముందు

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో తీసిన చోటు అందులోనే నమోదవుతుంది. ఫైల్ రూపంలో పంపితే అది అవతలివాళ్లకూ చేరుతుంది. గూటి ఫొటో అయితే లొకేషన్ ఆపేయండి, ‘ఫలానా చెట్టు’ అని రాయకండి. కేంద్రం పేరు చెబితే చాలు. గుడ్లు, పిల్లల క్లోజప్‌లను లైక్ చేసే ముందు కూడా ఒక్కసారి ఆలోచించండి. ఆ ఫొటోకు వచ్చే లైకులు చూసి రేపు ఇంకొకరు అంతే దగ్గరకెళ్తారు.

మీ ఫొటో ఎవరికైనా పనికొస్తుందా?

వస్తుంది. ఈబర్డ్ యాప్‌లో పక్షి, తేదీ, చోటు నమోదు చేస్తే అది పక్షుల లెక్కలకు తోడ్పడుతుంది. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో వలంటీర్లు కూడా పాల్గొంటారు. ఫొటోలో పక్షి కాలికి రింగు గానీ, మెడకు కాలర్ గానీ కనిపిస్తే దాని రంగు, నంబరు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలపండి. ఆ పక్షి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకునేది అలాగే. గాయపడిన పక్షి కనిపిస్తే ముట్టుకోకుండా కేంద్రం సిబ్బందికి చెప్పండి.

చివరగా, మీ ఫొటో బాగా వచ్చిందో లేదో ఇంటికొచ్చాక చూసుకోవచ్చు. అక్కడి నుంచి కదిలేముందు మాత్రం వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. మీరు వచ్చినప్పుడు పక్షి ఏం చేస్తోందో ఇప్పుడూ అదే చేస్తోందా? అయితే మీరు ఫొటో బాగా తీసినట్టే.