పొగాకు వాడేవారికి రేపటి లాభం ఎందుకు చిన్నదిగా కనిపిస్తుంది?

చేతికందడం ఆలస్యమయ్యే కొద్దీ లాభం విలువ మనిషి దృష్టిలో తగ్గిపోవడాన్ని మనస్తత్వ శాస్త్రంలో ‘డిలే డిస్కౌంటింగ్’ అంటారు. ధాన్యం కాటా దగ్గర తేమ పేరుతో తీసే తరుగు లాంటిదే ఇది కాబట్టి తెలుగులో దీన్ని జాప్యపు తరుగు అనుకోవచ్చు. నెల తరువాత వచ్చే 1,000 రూపాయలను ఒకరు ఇప్పటి 850 రూపాయలకు, మరొకరు 600 రూపాయలకు వదులుకోవడానికి సిద్ధపడితే, రెండోవారి తరుగు ఎక్కువన్న మాట.

వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన వారెన్ బికెల్, ఎమీ ఓడమ్, గ్రెగరీ మాడెన్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, సిగరెట్లు తాగేవారు, ఎన్నడూ తాగనివారు, తాగి మానినవారు అనే మూడు వర్గాలను ఇలాంటి ఊహాత్మక బేరాలతో పోల్చి చూశారు. తాగేవారిలో తరుగు మిగతా రెండు వర్గాలకంటే ఎక్కువగా ఉంది, మానినవారికీ ఎన్నడూ తాగనివారికీ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, తాగేవారు కూడా డబ్బు విషయంలో కొంత ఓపిక చూపి, సిగరెట్ల విషయంలో మాత్రం ఆ ఓపికను బాగా కోల్పోయారు.

కృత్తివెన్ను మండలంలో ఉప్పుటేరు వైపున రొయ్యల సాగు చేసే రైతులను తలచుకుంటే ఈ ఫలితం వింతగా తోచదు. సీడ్ వదిలింది మొదలు మూడు నాలుగు నెలలపాటు మేతకూ, కరెంటుకూ, మందులకూ డబ్బు పోస్తూ, తెల్లమచ్చ తెగులు వస్తుందేమోనన్న భయంతో వంద కౌంటుకే (కిలోకు వంద రొయ్యలు) పట్టుబడి చేయాలా, ఇంకొంత కాలం ఆగి యాభై కౌంటుకు తేవాలా అని తూచుకునే రైతు, చుట్ట దగ్గరకు వచ్చేసరికి గంట కూడా ఆగలేకపోవచ్చు. అలాంటి మనిషిని దూరదృష్టి లేనివాడనడం అన్యాయం.

పొగ దగ్గర ఓపిక పోవడానికి శరీరంలో జరిగేది కొంత కారణం. పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడును చేరి డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. రక్తంలో నికోటిన్ పరిమాణం సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోవడంతో చిరాకు, అశాంతి మొదలవుతాయి. మానితే కలిగే ఆరోగ్యం ఏళ్ల దూరంలో ఉంటుంది, ఉపశమనం మాత్రం కిళ్లీకొట్టులో వేలాడే నిప్పుతాడు దగ్గరే ఉంటుంది. పైగా అక్కడ సిగరెట్లు విడిగా అమ్ముతారు. 2016 నుంచి పెట్టె మీద 85 శాతం మేర బొమ్మతో కూడిన హెచ్చరిక తప్పనిసరి అయినా, ఒక్కటి కొనుక్కునేవాడి చేతికి పెట్టె రాదు.

తరుగు సమానంగా సాగకపోవడం మరొక చిక్కు. బ్యాంకు వడ్డీ లెక్కలో రోజుకింత అని ఒకే రేటు ఉంటుంది గాని, మనసు లెక్కలో మొదటి రోజులకే పెద్ద కోత పడి, తరువాతి రోజులకు నామమాత్రంగా పడుతుంది. జేమ్స్ మజూర్ 1987లో సూత్రీకరించిన ఈ వక్రరేఖను బట్టి చూస్తే, రాత్రి పడుకునేటప్పుడు ‘రేపటి నుంచి మానేస్తాను’ అనేవాడు అబద్ధమాడడం లేదు. అప్పటికి పొగ కూడా దూరంలోనే ఉంది కాబట్టి ఆరోగ్యమే పెద్దదిగా కనిపిస్తుంది, తెల్లవారి టీతో పాటు పొగ దగ్గరపడగానే బేరం తారుమారవుతుంది.

తొందర వల్ల పొగ అలవాటవుతుందా, పొగ వల్ల తొందర పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. జానెట్ ఆడ్రెయిన్-మెక్‌గవర్న్ బృందం కౌమార వయస్కులను ఏళ్ల తరబడి గమనించి 2009లో వెల్లడించిన ఫలితాలు మొదటి వైపే మొగ్గాయి. అయితే 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన దివిసీమ తీరంలో, రేపటిని నమ్ముకోకపోవడాన్ని ప్రతిసారీ లోపంగా లెక్కించడం తగదు.

మానాలనుకునేవారికి 1800-11-2356 నంబరులో ఉచిత సలహా దొరుకుతుంది. తరుగును తిప్పికొట్టే ప్రయత్నాల్లో ఫిలిప్పీన్స్‌లో జరిగినది గమనించదగ్గది. పొగతాగేవారు తమ సొమ్మునే బ్యాంకులో వేసుకుని, ఆరు నెలల తరువాత మూత్ర పరీక్షలో నికోటిన్ లేదని తేలితే తిరిగి పొందేవారు, లేకపోతే అది ధర్మకార్యాలకు పోయేది. 2010లో జినే, కార్లన్, జిన్‌మన్ ప్రచురించిన ఈ ప్రయోగంలో, అవకాశం ఇవ్వని వారితో పోలిస్తే ఇచ్చినవారిలో మానినవారు సుమారు మూడు శాతం పాయింట్లు ఎక్కువగా ఉన్నారు. అవకాశం ఇచ్చినవారిలో ఒప్పందానికి ముందుకొచ్చినవారు మాత్రం నూటికి పదకొండు మందే.